లేని మనిషి చేతి గడియారం

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! మొన్న ఒక ఆదివారం ఉదయం మా ఇంటి అరుగు మీద కూర్చున్న లెక్కల మాష్టారు నేను చెప్పిన సంగతి విని, చిటికెడు పొడుము పట్టి, ఈ సామెతను సావకాశంగా ఉచ్చరించినారు. ఆయనా నేనూ ముప్పది ఏండ్లు ఒకే పాఠశాలలో పాఠాలు చెప్పి, కొద్ది నెలల తేడాతో విశ్రాంతి తీసుకొన్నవాళ్లం. ఆదివారం నాడు ఆయన నా మాటను ఖండించకపోతే ఆ వారం గడిచినట్టు మా ఇద్దరికీ తోచదు.

నేను చెప్పిన సంగతి ఇది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, సస్క్వెహన్నా నది ఒడ్డున, కొలంబియా అనే ఊరు ఉన్నది. జనాభా పదివేలకు అటూ ఇటూ. మన పొన్నూరులో నాలుగు పేటలు కలిపితే అంత ఉంటుంది. ఆ చిన్న ఊరిలో గడియారాలకే ప్రత్యేకించిన మ్యూజియం ఒకటి ఉన్నది. గడియారాలను సేకరించి, విప్పి, బాగుచేసి, వాటి చరిత్ర వ్రాసుకొనే అభిమానుల సంఘం దానిని నడుపుతున్నది. 2010లో ఆ మ్యూజియం వారు ఒక ప్రదర్శన ఏర్పాటు చేసినారు. ఏ చక్రవర్తి గడియారమో, ఏ నావికుని గడియారమో అందులో ప్రధానం కాదు. జేమ్స్ బాండ్ అనే గూఢచారి నవలలలోను, చలనచిత్రాలలోను తన మణికట్టుకు కట్టుకొన్న గడియారాలన్నిటినీ లెక్క తీసి, అద్దాల పెట్టెలలో అమర్చినారు. ఆ గూఢచారి ఏ తల్లికీ పుట్టలేదు. ఇయాన్ ఫ్లెమింగ్ అనే ఆంగ్ల రచయిత 1953లో వెలువరించిన ‘కేసినో రాయల్’ నవలలో కాగితం మీద పుట్టినాడు.

“పుట్టనివాడికి చెయ్యెక్కడిదండీ? ఆ చేతికి గడియారం ఎక్కడిదండీ?” అన్నారు లెక్కల మాష్టారు. “శూన్యాన్ని దేనితో గుణించినా శూన్యమే!”

నేను కూడ మొదట నవ్వుకొన్నాను. తరువాత, ఆయన వెళ్లిన పిమ్మట, ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఎందుకో చెప్పుటకే ఈ వ్యాసం.

ముందుగా ఆ గడియారాల ముచ్చట కొంత చెప్పవలె. ఫ్లెమింగ్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళపు గూఢచార శాఖలో ఉద్యోగం చేసినవాడు. తన కథానాయకునికి పేరు వెదుకుతూ, వెస్టిండీస్ పక్షుల మీద గ్రంథం వ్రాసిన ఒక నిజమైన పక్షిశాస్త్రజ్ఞుని పేరు తీసుకొని అతనికి పెట్టినాడు. పాపం, ఆ పండితుడు జీవితమంతా పిట్టల కూతలు వింటూ గడిపినవాడు. ఆయన పేరు తుపాకి మోతల పాలైనది. 1963 నాటి నవలలో ఈ గూఢచారి శత్రువుల కొండకోట నుంచి తప్పించుకొనేటప్పుడు, చేతి గడియారాన్ని పిడికిలికి తొడిగి కాపలావానిని కొట్టుతాడు. గడియారం పగులుతుంది. మరొకటి కొనవలసి వస్తుంది. ఇందులో మాయలేదు, మంత్రం లేదు. గట్టి ఉక్కు గడియారం, గట్టి దెబ్బ, అంతే.

చలనచిత్రాలు వచ్చిన తరువాత గడియారానికి మాయలు వచ్చినవి. 1965 నాటి ‘థండర్‌బాల్’ చిత్రంలో అది అణుబాంబు దాచిన చోటును పసిగట్టే యంత్రమైనది. చిత్రీకరణకు వాడిన ఆ గడియారం ఎట్లు చేతులు మారినదో గాని, ఒక ఇంగ్లీషు పాతసామానుల సంతలో ఇరవై అయిదు పౌండ్లకు ఎవరో కొనుక్కొన్నారు. 2013లో లండనులో వేలం వేస్తే లక్ష పౌండ్లు దాటినది. 1977 నాటి చిత్రంలో గడియారం నుంచి తంతివార్త అచ్చయి చిన్న పట్టీగా బయటికి వస్తుంది.

వీటన్నిటిలో నన్ను ఆకర్షించినది 1973 నాటి ‘లివ్ అండ్ లెట్ డై’ చిత్రంలోనిది. అది రోలెక్స్ గడియారం. దాని అంచు గిర్రున తిరిగి రంపమై కట్లు కోస్తుంది. అదే గడియారం అయస్కాంతమై దూరాననున్న ఇనుమును లాగుతుంది. మొసళ్ల మడుగులో చిక్కిన నాయకుడు దానితో ఒక పడవను దగ్గరకు లాగబోతాడు. లాగుడు బాగానే ఉన్నది గాని, పడవ గట్టుకు కట్టివేసి ఉన్నది! మా మాష్టారు వంటివారు సినిమా తీసినా ఇంతకంటె న్యాయంగా తీయరు. సరే, ఈ గడియారం 2015లో జెనీవా వేలంలో 3,65,000 స్విస్ ఫ్రాంకులకు అమ్ముడుపోయినది. చిత్రమేమిటంటే, రంపానికి చోటు కావలెనని కళాదర్శకుడు దాని లోపలి యంత్రాన్ని తీసివేయించినాడు. ముల్లు కదలదు. కాలం చెప్పదు. లేని మనిషికి కట్టిన నడవని గడియారం అది. దానికి అంత ధర!

ఇక్కడ లెక్కల మాష్టారి పక్షాన కూడ నాలుగు మాటలు చెప్పుట న్యాయం. ఈ గడియారాల ప్రతిష్ఠలో వ్యాపారం పాలు తక్కువ కాదు. 1977 నుంచి 1985 వరకు వచ్చిన చిత్రాలలో నాయకుని చేతికి జపాను వారి సీకో గడియారం. 1995 నుంచి స్విట్జర్లాండు వారి ఒమెగా. బీల్ పట్టణంలో ఒమెగా కంపెనీ తన మ్యూజియంలో ఈ గూఢచారి గడియారాలను తానే సగర్వంగా ప్రదర్శిస్తున్నది. కొట్టువాడు తన సరుకును అద్దాల బీరువాలో పెట్టి దీపం వేస్తే దానిని చరిత్ర అనలేము; అది అంగడి అలంకారం. కొలంబియా ఊరి ప్రదర్శనకూ దీనికీ భేదం ఉన్నది. అక్కడ అభిమానులు నవలలను అక్షరమక్షరం చదివి, చిత్రాలను మళ్లీ మళ్లీ చూచి, ఏ పుటలో ఏ గడియారం ఉన్నదో లెక్క తేల్చినారు. ఆ పనికి పండితులు పెట్టే పేరు పరిశోధన. మనం తాళపత్రాలలో పాఠభేదాలు వెదకినప్పుడు చేసేది దానికి భిన్నమైనది కాదు.

అయితే లేని మనిషి వస్తువును దాచుట దేనికి?

వేటపాలెం వెళ్లిన పాఠకులకు అక్కడి సారస్వత నికేతనం తెలిసే ఉంటుంది. 1918లో నెలకొన్న గ్రంథాలయం అది. నేతమగ్గాల చప్పుడు మధ్య, ఏ రాజుగారి దానమూ లేకుండ, ఊరివారు పెంచుకొన్న సరస్వతి ఇల్లు. పాత పత్రికల సంపుటాల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తారు. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసినారు. ఆయన చేతికర్ర అక్కడ నేటికీ భద్రంగా ఉన్నది. నేను మా పిల్లలను తీసుకొని వెళ్లినప్పుడెల్లా వాళ్లు పుస్తకాలకంటె ముందు ఆ కర్ర దగ్గరకే పోయేవారు. వెదురుకర్రలు వాళ్ల ఇండ్లలో లేకనా? ఆ కర్రను ఒక మనిషి పట్టుకొని మన ఊళ్లలో నడిచినాడన్న తలంపు వాళ్లను అక్కడ నిలబెట్టింది. చూచినది కర్రనే అయినా, వాళ్ల కండ్లకు కనబడినది దానిని పట్టిన చెయ్యి.

లేని మనిషి గడియారం ముందు నిలబడినవానికీ ఇదే జరుగుతుందని నేను అనుకొంటున్నాను. ఆ చెయ్యి అబద్ధం. కాని దానిని నమ్మిన చదువరి అబద్ధం కాడు. ఏ పన్నెండేళ్ల పిల్లవాడో దుప్పటి క్రింద దీపం పెట్టుకొని చదివిన రాత్రి అబద్ధం కాదు. లండనులో బేకర్ వీథిలో 1990 నుంచి షెర్లాక్ హోమ్స్ పేర ఒక మ్యూజియం నడుస్తున్నది, ఆయనా పుట్టనివాడే. మన పొరుగు కన్నడ దేశంలో శివమొగ్గ జిల్లా అరసాళు అనే చిన్న రైలుస్టేషనును మాల్గుడి మ్యూజియంగా తీర్చిదిద్దినారు, ఆర్. కె. నారాయణ్ సృష్టించిన ఆ ఊరు ఏ భూపటంలోనూ లేదు. రైలు దిగినవాళ్లు అది తెలిసీ లోపలికి పోయి, తెలిసీ సంతోషిస్తున్నారు. మనకు మాత్రం గిరీశం చుట్టను, బారిస్టరు పార్వతీశం టోపీని ఒక అలమారులో పెట్టవలెనన్న ఊహ రాలేదు. పెట్టితే తెలుగుదేశంలో ఎవడు చూడక మానుతాడు?

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పెద్ద సంగీత గడియారం ఒకటి ఉన్నది. గంట కాగానే లోపలినుంచి చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి, గంట ఎన్నయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండు గంటల వేళ జనం ఎక్కువ, ఎందుకంటే పన్నెండు దెబ్బలు వినవచ్చును గనుక. విహారయాత్రకు పిల్లలను తీసుకొని పోయిన ప్రతి ఉపాధ్యాయుడూ అక్కడ తలలు లెక్కపెట్టుకొంటూ నిలబడినవాడే. ఆ గడియారంలో చక్రాల పనితనం గొప్పది. అయినా పిల్లలు చూచేది బొమ్మ మనిషినే. వాడు వస్తాడా, రాడా అని ఊపిరి బిగబట్టుతారు. ఆ ఊపిరి బిగబట్టుటయే కథ. కథ లేని గడియారం ముందు ఎవరూ ఆగరు.

మన నల్లరేగడి నేలకు చేతి గడియారం ఆలస్యంగా వచ్చిన చుట్టం. ఇప్పుడు నాలుగైదు జిల్లాలుగా పంచుకొన్నాము గాని, నా చిన్నతనంలో ఒంగోలు కూడ గుంటూరు జిల్లాలోనే ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడినది 1970లో. ఈ నేలంతటా పత్తి తీతకు పోయే ఆడవాళ్లు వేగుచుక్కను చూచి లేచేవారు. ‘వేగు’ అనే మాట ఎంత చక్కనిదో గమనించండి. తెల్లవారుటకూ అదే మాట, గూఢచారికీ అదే మాట. చీకటిని ముందుగా కనిపెట్టి వార్త తెచ్చేవాడు వేగులవాడు. తెల్లవారుతున్నదన్న వార్త తెచ్చేది వేగుచుక్క. నిఘంటుకారులు వీటికి వేర్వేరు మూలాలు చూపినా చూపవచ్చును. నేను మాత్రం ఈ రెండింటినీ విడదీయలేను. ‘గడియారం’ అనే మాటలో మన ఇరవై నాలుగు నిమిషాల గడియ ఇంకా కూర్చొనే ఉన్నది. చిల్లిగిన్నె నీటిలో మునిగే పాటి కాలం అది. యంత్రం సీమనుంచి వచ్చినది, పేరు మాత్రం మనం మార్చుకోలేదు.

పట్టణాల దగ్గరి ఊళ్లకు జిన్నింగు మిల్లు కూతే గడియారం. మా పాఠశాలకు రైలుపట్టా ముక్క ఒకటి వేపకొమ్మకు వ్రేలాడేది. ప్రధానోపాధ్యాయుల చేతికి మాత్రమే వాచీ ఉండేది. ఆయన కిటికీలోంచి కనుబొమ్మ ఎగరవేస్తే బంట్రోతు ఆ ముక్క మీద కొట్టేవాడు. ఆ కనుబొమ్మ మీద మా ఆకలి, మా ఆట, మా విడుదల ఆధారపడి ఉండేవి. పెండ్లిళ్లలో అల్లునికి సైకిలు, వాచీ పెట్టుట మర్యాద అయినది. వాచీ పెట్టలేదని అలిగి విడిదిలో అన్నం మానిన పెండ్లికొడుకులను నేను ఎరుగుదును. వాళ్లలో ఒకడికి గడియారం చూడడం రాదు!

1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. కర్మాగారం జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీలు తయారు చేయుట ఆరంభించినది. నెహ్రూగారు వాటిని దేశానికి అందించినారు. ‘జనత’ అనే పేరు గల ఆ వాచీ ఎందరు ఉపాధ్యాయుల మణికట్టు మీద తెల్లని మచ్చ వదలిపోయినదో లెక్క లేదు. ఉదయం కాఫీ త్రాగి దానికి కీ ఇచ్చుట సంధ్యావందనం వంటి నియమం. చూపులేని వారి కోసం, మూత తెరచి ముండ్లను వ్రేళ్లతో తడిమి వేళ తెలుసుకొనే వాచీని కూడ ఆ సంస్థ తయారు చేసినది. 2016లో ఆ వాచీల కంపెనీని మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించినది. మన హైదరాబాదు ఆల్విన్ వారు కూడ 1980లలో సీకో సహకారంతో వాచీలు చేసినారు. పైన చెప్పిన గూఢచారి చేతికి అదే కాలంలో ఉన్నది సీకో వాచీయే గదా! నరసరావుపేటలో మిరప టిక్కీలు తూకం వేయించే గుమాస్తా చేతి వాచీకి, ఉదయపూరు రాజభవనాలలో చిత్రీకరించిన 1983 నాటి ‘ఆక్టోపసీ’ నాయకుని చేతి వాచీకి దూరపు చుట్టరికం ఉన్నదన్న మాట. గుమాస్తాకు ఈ సంగతి తెలిస్తే ఆ రోజు కాటా ఎటు మొగ్గేదో!

ఇక గూఢచారి సంగతి. ఈ మాట వినగానే సీమవైపు చూడవలసిన పని మనకు లేదు. తెనాలి దగ్గరి బుర్రిపాలెం నుంచి వచ్చిన యువకుడు 1966లో ‘గూఢచారి 116’ అయినాడు. ఘట్టమనేని కృష్ణ అంతకు ముందు సంవత్సరమే ‘తేనె మనసులు’తో వెండితెర కెక్కినవాడు. సుందర్‌లాల్ నహతా, డూండీలు నిర్మించగా ఎం. మల్లికార్జునరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రం ఆయనకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అనే బిరుదును తెచ్చిపెట్టినది. 2022 నవంబరులో ఆయన దివంగతుడైనప్పుడు కూడ జనం ఆ మాట తలచుకొన్నారు. వరి, మినుము పండే ఊరి రైతు బిడ్డ తుపాకి పట్టుకొని కోటూ బూటూ తొడిగితే మన డెల్టా పిల్లలు నమ్మినారు. నమ్మించిన కోటు ఏమైనది? ఆ తుపాకి బొమ్మ ఏమైనది? ఆ చేతికి ఆనాడు ఏ గడియారం కట్టినారు? కొలంబియా ఊరివాడైతే చిత్రాన్ని ఆపి ఆపి చూచి ఈ ప్రశ్నకు సమాధానం వ్రాసి పెట్టి ఉండేవాడు.

తెరకంటె ముందు నవలలు ఉన్నవి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఒక తరానికి ఇంటి మనుషులు. తరువాతి తరానికి మధుబాబు సృష్టించిన షాడో. ‘త్వమేవాహం’ వ్రాసిన ఆరుద్ర, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కోసం సంవత్సరాల తరబడి గ్రంథాలయాలు గాలించిన ఆరుద్ర, అపరాధ పరిశోధక నవలలు కూడ వ్రాసినాడు. ఈ సంగతి తెలుగు పండితులు తరగతిలో చెప్పరు. చెప్పితే గౌరవం తగ్గుతుందని భయం. ఎవరి గౌరవమో! శ్రీకృష్ణదేవరాయలంతవాడు ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెప్పుతూ చారుల ప్రసక్తి తెచ్చినప్పుడు, విశాఖదత్తుడు ‘ముద్రారాక్షసం’ నిండా మారువేషాల వేగులవాళ్లను నింపినప్పుడు లేని చిన్నతనం, రైల్వేస్టేషనులో అమ్మే పుస్తకం అట్ట మీద తుపాకి బొమ్మ ఉంటే మాత్రం వచ్చిపడుతున్నది. ఆ నవలలన్నీ గొప్పవని నేను అనను. చాల భాగం చవుక కాగితం, చవుక కల్పన. సీమ కథలకు పంచె కట్టినవీ ఉన్నవి. కాని ఈ పత్తి చేలలో, మిరప కల్లాలలో, పాఠ్యపుస్తకం తప్ప మరొక అచ్చు అక్షరం ఎరుగని ఇండ్లలోకి నడిచిపోయి, పిల్లవాని చేత రెండువందల పుటలు ఏకబిగిని చదివించినవి అవే. ఆ పని మేము చేయలేకపోయినాము.

చేయకపోగా, నేను చేసిన పని ఒకటి చెప్పవలసి ఉన్నది.

1982లో నేను మెట్ట ప్రాంతపు హైస్కూలులో తొమ్మిదవ తరగతికి తెలుగు చెప్పుతూ ఉండేవాణ్ని. చివరి బల్ల మీద ఒక పిల్లవాడు ఉండేవాడు. తండ్రి లేడు, తల్లి కూలికి పోయేది. నేను మనుచరిత్రలో ప్రవరుని హిమాలయం ఎక్కిస్తున్న సమయంలో వాడు వాచకం మధ్య పెట్టుకొని షాడో నవల చదువుతున్నాడు. ఎంత తన్మయుడై ఉన్నాడంటే, నేను వెనుక నిలబడినా వానికి తెలియలేదు. ఆ తన్మయత్వం నా పాఠానికి దక్కలేదన్న ఉక్రోషమే అసలు కారణమని ఈనాడు ఒప్పుకొంటున్నాను. పుస్తకం లాగుకొన్నాను. రెండు దెబ్బలు కూడ కొట్టినాను.

సాయంత్రం వాడు స్టాఫు గది గుమ్మం దగ్గర నిలబడి, “సార్, అది అద్దె పుస్తకమండి. రోజుకు పావలా అండి. రేపు ఇవ్వకపోతే కొట్టాయన ఊరుకోడండి” అన్నాడు.

“మీ అమ్మను తీసుకొని రా” అన్నాను.

వాడు అమ్మను తీసుకొని రాలేదు. మరునాడు బడికీ రాలేదు, ఆ తరువాత రెండు రోజులూ రాలేదు. నాలుగవ నాడు వచ్చినప్పుడు కండ్లు ఎర్రగా ఉన్నవి, వ్రేళ్లు మండుతున్నట్టు ఊదుకొంటున్నాడు. మిరప కోతకు పోయి, ఆ కూలి డబ్బుతో పుస్తకం ఖరీదు కొట్టాయనకు కట్టివేసినాడని ప్రక్క పిల్లవాడు చెప్పినాడు. పండు మిరప కోసిన చేతులు ఎట్లా మండుతవో ఈ నేల మీద పుట్టినవారికి చెప్పనక్కరలేదు. మజ్జిగలో ముంచినా చల్లారవు. “పుస్తకం ఇచ్చివేస్తాను, తీసుకో” అనవలసిన మాట నా నోటిదాకా వచ్చినది. రాలేదు. ఉపాధ్యాయుని పరువు అడ్డం పడినది. ఆ పిల్లవాడు మళ్లీ అడుగలేదు. తరగతిలో మరి ఏ పుస్తకమూ తెరవలేదు కూడ. నా వాచకం సైతం.

ఆ పుస్తకం ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నది. అట్ట ఊడిపోయినది. వెనుక పుట మీద అద్దె కొట్టు ముద్ర, తీసుకొన్న తేదీలు, ఇచ్చిన తేదీలు వరుసగా ఉన్నవి. ఎనిమిది నెలలలో అరవై ఒక్క చేతులు మారినది. పక్క ఊళ్ల పేర్లు కూడ ఉన్నవి. పుటల అంచుల మీద పసుపు మరకలు, ఒకచోట కిరసనాయిలు మచ్చ, ఒక పుట మధ్య నలిగిన పత్తి పింజె. ప్రబంధాల ప్రతిని మా పాఠశాల గ్రంథాలయంలో పదేండ్లలో ఎంతమంది తీసుకొన్నారో నాకు తెలుసును. ఆ అంకె ఇక్కడ వ్రాయను.

గుంటూరులో బౌద్ధశ్రీ పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. అమరావతిలో ఉన్నది. నాగార్జునకొండ మీద ఉన్నది. రెండువేల ఏండ్లనాటి సున్నపురాతి మీద శిల్పి చెక్కిన జాతక కథలను అక్కడ చూపుతున్నారు. అందులో మేలైనవి ఎన్నో లండను బ్రిటిష్ మ్యూజియానికి, మద్రాసుకు తరలిపోయినవని మనం న్యాయంగానే బాధపడుతున్నాము. రాతిని మోసుకొని పోయినవారు పరాయివారు. కాగితాన్ని చెదలకు, వాచీని పాత ఇనుము వానికి అప్పగిస్తున్నవారం మనమే. శిల్పం మీది బోధిసత్త్వుడు ఏనుగై పుట్టిన కథను చూచి చేతులు జోడించేవారు, ఆ కథ జరిగినదా అని శాసనాధారం అడుగరు గదా!

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ప్రభుత్వం కట్టే పెద్ద భవనం కోసం ఎదురుచూడకండి. ప్రతి పాఠశాలలో తలుపు ఊడిన బీరువా ఒకటి ఉంటుంది. దానికి అద్దం వేయించండి. ఊరిలో ఆగిపోయిన హెచ్.ఎం.టి. వాచీలు, ఆల్విన్ వాచీలు అడిగి తీసుకొని రమ్మనండి; ఎవరిది, ఏ పెండ్లికి పెట్టినది, ఏ పంట డబ్బుతో కొన్నది అని పిల్లల చేతనే చీటీలు వ్రాయించండి. వాటి ప్రక్కన అద్దె నవలలు పెట్టండి. పిల్లలకు ఒక పని అప్పగించండి: యుగంధర్ ఏ నవలలో ఎన్నిసార్లు గడియారం చూచుకొన్నాడు, షాడో చేతికి ఏమున్నది, పెన్సిలు పట్టుకొని లెక్క తీయమనండి. ఇది అల్లరి పని అని పై అధికారులు అనవచ్చును. అంటే కొలంబియా ఊరి సంగతి చెప్పండి. అచ్చు తప్పులు సవరిస్తూ, పుట సంఖ్యలు వేస్తూ చదివే విద్య అలవడిన తరువాత, ఆ పిల్లలలో ఒకడు ఆరుద్ర వ్రాసిన సాహిత్య చరిత్రను కూడ ఎత్తుకొంటాడు. అందరూ ఎత్తుకొంటారని నేను చెప్పలేను. ఒకడు చాలును.

లెక్కల మాష్టారికి ఈ వ్యాసం చిత్తు ప్రతి వినిపించినాను. ఆయన పొడుము డబ్బీ మూసి, కొంతసేపు ఊరుకొని, తన కుడిచేతి పాత జనత వాచీ విప్పి అరుగు మీద పెట్టినారు. 2009 నుంచి అది నడవడం లేదట. అయినా కట్టుకొనే తిరుగుతున్నారు. నాకు ఇన్నాళ్లూ తెలియదు. తరువాత, అలవాటు పోదు గనుక, కాగితం అడిగి పుచ్చుకొని, ఆ నవల నా పెట్టెలో ఉన్న కాలానికి అద్దె లెక్క కట్టినారు. రోజుకు పావలా చొప్పున, లీపు దినాలు వదలి, నలభై ఏండ్లకు మూడువేల ఆరువందల యాభై రూపాయలు. “పై సంవత్సరాలు మీకు మినహాయింపు. ఇది కొట్టువాడికి కాదండీ, ఆ పిల్లవాడికి కట్టవలె” అన్నారు. ఆ పిల్లవాడు ఇప్పుడు తాతయై ఉంటాడు. వాని ఊరు పేరు నవల వెనుక పుట మీద, చివరి వరుసలో, వాని చేతి వ్రాతతోనే ఉన్నది. మిరప కోతలు మొదలయ్యే లోపల ఒకసారి వెళ్లి రావలె.